నదిలోకి దిగి చేపలు పట్టేటప్పుడు కాలు నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: ఒడ్డు మీద నుంచి గాలం వేయడం నాకు బాగా అలవాటే. ఈ మధ్యే నదిలోకి దిగి పట్టడం మొదలుపెట్టాను. తొడల లోతు వచ్చేసరికి కాళ్లు ఆగడం లేదు, రాళ్ల మీద జారుతున్నాయి. మంచి బూట్లు కొంటే సరిపోతుందా? వేడర్లలోకి, అంటే నీళ్లు చొరకుండా కాళ్ల నుంచి ఛాతీ దాకా వేసుకునే తొడుగులోకి, నీళ్లు చేరితే మనిషిని కిందికి లాగేస్తాయని భయపెడుతున్నారు, అది నిజమేనా?

జవాబు:

మీరు జారుతున్నది తొడల లోతులో కాబట్టి తప్పు, బూట్ల కంటే ఆ లోతుదే ఎక్కువ. బూట్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు లోతు గురించి తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

లోతుకు వెళ్తున్నకొద్దీ రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. ప్రవాహానికి ఎదురు నిలిచే ఒళ్లు పెరుగుతుంది. మరోవైపు నీళ్లు మనల్ని పైకి తేలుస్తుంటాయి కాబట్టి పాదాల మీద పడే బరువు తగ్గుతుంది. పాదం రాయిని పట్టుకునేది ఆ బరువుతోనే. నడుము దాకా దిగితే మన బరువులో దాదాపు సగం నీళ్లే మోస్తాయి. 70 కిలోల మనిషికి ఉజ్జాయింపుగా లెక్క వేసి చూడండి. నీటి వేగం సెకనుకు 1 మీటరు అనుకుందాం. మోకాలి లోతులో రెండు కాళ్ల మీద కలిపి సుమారు 7 కిలోల తోపు పడుతుంది, పాదాల మీద ఇంకా 60 కిలోలకు పైగా బరువు ఉంటుంది. నడుము లోతులో తోపు 15 కిలోల దగ్గరికి వస్తుంది, పాదాల మీద మిగిలేది 35 కిలోలే. అంటే మోకాలి లోతులో నిలబడడానికి పాదాల మీదున్న బరువులో తొమ్మిదో వంతు పట్టు దొరికితే చాలు. నడుము లోతులో దాదాపు సగం దొరకాలి. పాచి పట్టిన రాయి మీద అంత పట్టు ఆశించలేం.

వేగం ఇంకా పెద్ద మోసగత్తె. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు 1 మీటరు ఉన్నది 1.4 మీటర్లయినా చాలు, తోపు రెట్టింపు. ఒడ్డున నిలబడి చూస్తే ఆ రెండు వేగాలకూ తేడా కూడా కనిపెట్టలేం. ఆ 1.4 మీటర్లన్నది సుమారుగా మన మామూలు నడక వేగం. అందుకే ఒక తేలికైన పరీక్ష ఉంది. నీళ్లలోకి ఒక పుల్ల విసిరి, దాని పక్కనే ఒడ్డు వెంట నడవండి. పుల్లను అందుకోవడానికి అడుగు పెంచాల్సి వస్తే ఆ నీళ్లలోకి దిగకండి. ఇక అడుగున రాళ్లు దొర్లుతున్న గుడగుడ చప్పుడు వినిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, అక్కడి నుంచి వచ్చేయండి.

నా హద్దు ఇది: పారే నీళ్లలో మోకాలి లోతు హాయి, తొడ మధ్య దాకా ఆఖరు. నడుము లోతు అనేది దాదాపు కదలని మడుగుల కోసం మాత్రమే. వేడర్లు ఛాతీ దాకా ఉన్నాయి కదా అని ఛాతీ లోతుకు వెళ్లేవాళ్లను చూస్తుంటాను. ఆ ఎత్తు ఉన్నది నీళ్లు చిమ్మినప్పుడు, కాలు గుంతలో పడినప్పుడు ఒళ్లు తడవకుండా ఉండడానికి. అంత లోతుకు వెళ్లమని కాదు.

నిజానికి చేపల కోసం అంత లోతు అవసరం కూడా చాలాసార్లు ఉండదు. చాలామంది చేపలున్న చోట నిలబడి, చేపలు లేని చోటికి గాలం విసురుతుంటారు. ఒడ్డు పక్క నీడలో, పిక్కల లోతు నీళ్లలో ఉన్న చేపల్ని మొదటి పది అడుగుల్లోనే బెదరగొట్టేసి నది మధ్యకు వెళ్లిపోతారు. ముందు ఒడ్డు పక్క నీళ్లన్నీ గాలం వేసి చూసి, ఆ తర్వాతే దిగండి. దిగాల్సిన అవసరమే సగం తగ్గిపోతుంది.

దిగే ముందు చూడాల్సింది ఎదుటి ఒడ్డు కాదు, దిగువ. జారి కొట్టుకుపోతే ఎక్కడ తేలుతాను అన్నది మొదటి ప్రశ్న. దిగువన వెడల్పుగా పరుచుకున్న పలుచని నీళ్లు, గులకరాళ్ల మేట ఉంటే పడినా తడవడమే. అక్కడ పడిపోయిన చెట్టు కొమ్మలు నీళ్లలోకి వాలి ఉంటే, పెద్ద బండల మధ్య ఇరుకు ఉంటే, నది మలుపు తిరిగి నిట్టనిలువు గట్టును కోస్తుంటే, చిన్న ఆనకట్ట ఉంటే అక్కడ మోకాలి లోతు కూడా వద్దు. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. ప్రవాహం మనల్ని వాటికి అదిమిపెట్టి వదలదు. పొట్టి ఆనకట్టలు చూడ్డానికి అమాయకంగా ఉంటాయి గానీ, వాటి కింద నీళ్లు గుండ్రంగా తిరుగుతూ పడినవాణ్ని మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే లాక్కొస్తాయి. ఈత వచ్చినవాళ్లు కూడా అందులోంచి బయటపడడం చాలా కష్టం.

రెండో ప్రశ్న, తిరిగి ఎలా వస్తాను? కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. గులకరాళ్ల మేట ఒకటి నది మధ్యలోకి ఏటవాలుగా సాగి ఉంటుంది. దాని మీద ప్రవాహం వాలున నడుస్తుంటే నది వెనక నుంచి తోస్తూ సాయం చేస్తున్నట్టే అనిపిస్తుంది. మేట చివర చూస్తే మూడు పక్కలా లోతు. వెనక్కి తిరగాలంటే అదే నదికి ఎదురు నడవాలి. వచ్చేటప్పుడు సాయం చేసిన తోపు ఇప్పుడు అడ్డం నిలబడుతుంది, దానికి తోడు కాళ్ల కింది గులకరాళ్లు దిగువకు జారుతుంటాయి. అందుకే నేను పాటించే లెక్క ఒకటే: వెనక్కి తీసుకోగలిగిన అడుగే ముందుకు వేయాలి. మేట మీద దిగువకు నడుస్తున్నప్పుడు కొంత దూరానికోసారి ఆగి, తిరిగి నాలుగడుగులు ఎదురు నడిచి చూడండి. కష్టంగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. నది దాటాల్సి వస్తే మాత్రం నేరుగా అడ్డంగా కాకుండా కొంచెం దిగువకు వాలుగా వెళ్లడం తేలిక. అయితే అటువైపు నుంచి తిరిగి రావడానికి ఇంకో దారి ఉందో లేదో ముందే చూసుకోండి. వెడల్పు ఎక్కువున్న చోటే దాటాలి. నది ఇరుకైన చోట దూరం తక్కువే గానీ, అన్ని నీళ్లూ అక్కడి నుంచే పోవాలి కాబట్టి లోతూ వేగమూ రెండూ ఎక్కువే.

నీళ్ల లోతును కళ్లతో కొలవకండి. కాంతి వంగడం వల్ల నిలువునా కిందికి చూసినా 1 మీటరు లోతు ముప్పావు మీటరులాగే కనిపిస్తుంది. ఏటవాలుగా, కాస్త దూరానికి చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. తేటనీళ్లలో మోకాలి లోతు అనుకున్నది తొడల దాకా రావడానికి కారణం ఇదే. నీటి మీది తళతళను తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. చేపలు కనిపిస్తాయని కొంటారు గానీ, నా ఉద్దేశంలో వాటి అసలు ఉపయోగం కాలు పెట్టే చోటు కనిపించడమే. గాలం విసిరేటప్పుడు కంటికి కొక్కెం తగలకుండా కూడా కాపాడతాయి. నీళ్లు మసకగా ఉండి అడుగు కనిపించకపోతే మీ హద్దును ఇంకా తగ్గించుకోవాలి.

ఇప్పుడు అడుగులు. ఒడ్డు మీద నడిచేటప్పుడు మనం ముందుకు వాలి బరువు వేసేస్తాం, పాదం వచ్చి దాన్ని అందుకుంటుంది. నీళ్లలో ఆ అలవాటు పనికిరాదు. బరువు మొత్తం వెనక కాలి మీదే ఉంచి, ముందు కాలిని అడుగున ఆనించి జరుపుతూ చోటు వెతకాలి. రాళ్ల నెత్తి మీద కాకుండా రాళ్ల మధ్య సందుల్లో, ఇసుకా గులకా ఉన్న చోట పాదం పెట్టాలి. పాదం కుదురుకుంది, రాయి కదలడం లేదు అని తెలిశాకే బరువు మార్చాలి. తర్వాత వెనక కాలు ముందు కాలి దగ్గరికి రావాలి, దాన్ని దాటి పోకూడదు. కాళ్లు ఒకదాన్నొకటి దాటాయంటే ఆ క్షణంలో మీరు ఒంటికాలి మీద ఉన్నట్టే. మోకాళ్లు కొంచెం వంచి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, ఒక భుజం ఎగువకు ఉండేలా పక్కకు నిలబడండి. అప్పుడు ప్రవాహానికి తగిలే ఒళ్లు తగ్గుతుంది.

వెనుదిరగడంలో ఒక మెళకువ ఉంది. ఎప్పుడూ ముఖం ఎగువకు ఉండేలా తిరగాలి. నీళ్లు వెనక నుంచి మోకాళ్ల మడతల్లో తగిలితే మోకాళ్లు ముందుకు మడుచుకుపోతాయి. ముందు నుంచి తగిలితే ఆ చిక్కు లేదు, ఎదురుగా వాలి నిలబడొచ్చు. చాలామంది పడేది దాటేటప్పుడు కాదు, 'ఇక చాల్లే' అనుకుని చటుక్కున వెనక్కి తిరిగేటప్పుడు.

నేల రకాన్ని బట్టి కూడా నడక మారాలి. నల్లగా, జిడ్డుగా మెరిసే రాళ్లంటే పాచి పట్టినవే. ఈ మధ్యే దొర్లిన గులకరాళ్లు లేత రంగులో, గరుగ్గా కనిపిస్తాయి, వాటి మీద పట్టు బాగా ఉంటుంది. పలకబండ మీద పాదం ఆనుకోవడానికి అడ్డమే ఉండదు. పైగా దాని అంచు ఎక్కడ తెగి లోతు మొదలవుతుందో ముందుగా తెలియదు. ఇసుక మెత్తగా, సుఖంగా అనిపిస్తుంది గానీ నిలబడిన చోట మడమల చుట్టూ నీళ్లు ఇసుకను తొలిచేస్తుంటాయి. గాలం మీద ధ్యాసలో కదలకుండా నిలబడితే కొంతసేపటికి మీకు తెలియకుండానే లోతు పెరుగుతుంది. అప్పుడప్పుడు పాదాలు మార్చుకుంటూ ఉండండి. బురద అయితే నేను దిగనే దిగను. ఇసుక తవ్విన గుంతలున్న చోటా అంతే, నిన్నటి లోతుకు ఇవాళ భరోసా ఉండదు.

ఊతకర్ర గురించి మొహమాటం వద్దు. ముసలివాళ్ల సామాను అనుకుని చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే బూట్ల కంటే ముందు కొనాల్సింది, లేదా చెక్కుకోవాల్సింది, అదే. మోచేతి కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, మీ బరువంతా ఆనినా వంగకూడదు. కర్రను ఎగువ వైపు నాటి, దాని మీదికి వాలండి. ప్రవాహం మిమ్మల్ని దిగువకు తోస్తుంటే మీరు కర్రనూ రెండు కాళ్లనూ కలిపి ముక్కాలి పీటలా నిలబడతారు. మూడింటిలో ఒకసారి ఒక్కటే కదలాలి. కర్ర కదిలినప్పుడు కాళ్లు కదలవు, కాలు కదిలినప్పుడు కర్ర కదలదు. ముందున్న లోతు కొలవడానికీ, రాయి కదులుతుందో లేదో పొడిచి చూడడానికీ కూడా అదే పనిముట్టు. నడుముకు తాడుతో కట్టుకుంటే చేపతో చేతులు ఖాళీ లేనప్పుడు వదిలేయొచ్చు. ఆ తాడు మాత్రం గట్టిగా లాగితే ఊడొచ్చేలా ఉండాలి, కర్ర రాళ్ల మధ్య ఇరుక్కుంటే మీరు దానికి కట్టేసి ఉండకూడదు. ఇదే కారణంతో ఒడ్డున ఉన్న స్నేహితుడు పట్టుకుంటాడు కదా అని ఒంటికి తాడు కట్టుకుని దిగడం కూడా ప్రమాదమే. పడితే ఆ తాడే ప్రవాహంలో మిమ్మల్ని నీటి అడుగుకు నొక్కుతుంది.

ఇక బూట్లు. చీలమండ దాకా గట్టిగా పట్టి ఉంచే బూట్లే వేసుకోండి. చెప్పులతోనో, ఉత్తి కాళ్లతోనో దిగొద్దు. బూటు అడుగుభాగం మూడు రకాలుగా దొరుకుతుంది. ఫెల్ట్, అంటే ఒత్తి చేసిన మందపాటి బట్ట, అడుగు పాచిరాళ్ల మీద చాలా బాగా పట్టుకుంటుంది, బురద గట్టు మీద, తడి గడ్డి మీద మాత్రం జారుతుంది. ఉత్త రబ్బరు అడుగు నడవడానికి హాయిగా ఉంటుంది, పాచి మీద మాత్రం నమ్మలేం. రబ్బరుకు టంగ్‌స్టన్ కార్బైడ్ స్టడ్స్ (గట్టి లోహపు మొలలు) బిగించినది ఈ రెంటికీ మధ్యస్థంగా అన్నిచోట్లా పనిచేస్తుంది. ఒకటే జత కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫెల్ట్ కొనేముందు మీరు వెళ్లే చోట దాన్ని అనుమతిస్తారో లేదో కనుక్కోండి. అది త్వరగా ఆరదు కాబట్టి ఒక నదిలోని సూక్ష్మజీవుల్ని ఇంకో నదికి మోసుకెళ్తుంది. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు బయటపడ్డాక, 2008లో ఫెల్ట్ అడుగు బూట్లను నిషేధించారు. ఏ రకమైనా సరే, నది మారేటప్పుడు బూట్లు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. స్టడ్స్ అరిగితే వెంటనే మార్చండి. నున్నగా అరిగిన స్టడ్ పలకబండ మీద ఉత్త రబ్బరు కంటే ఎక్కువ జారుతుంది.

వేడర్ల భయం గురించి అడిగారు. నీళ్లు నిండిన వేడర్లు మనిషిని కిందికి లాగుతాయన్నది నిజం కాదు. నీళ్లలో ఉన్నంతసేపూ నీళ్లకు బరువు ఉండదు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకటే కదా. అమెరికన్ జాలరి లీ వుల్ఫ్ ఈ అపోహ పోగొట్టడానికి వేడర్లు వేసుకుని వంతెన మీద నుంచి నదిలోకి దూకి, ఈదుకుంటూ బయటికొచ్చి చూపించాడు. అలాగని ధీమా వద్దు. నీళ్లు నిండితే కాళ్లు ఆడించడం కష్టమవుతుంది, ఒడ్డుకు చేరాక ఆ నీళ్లకు అసలు బరువు వస్తుంది. అప్పుడు లేవడానికి ప్రయత్నించకుండా పాకుతూ వచ్చి, పడుకుని కాళ్లెత్తి నీళ్లు పారబోయాలి. ఇదంతా రాకుండా ఉండాలంటే వేడర్ల మీద బెల్టు బిగించాలి. బెల్టు ఉంటే పడినప్పుడు నీళ్లు లోపలికి మెల్లగా వస్తాయి, లోపలున్న గాలి కాసేపు తేలుస్తుంది కూడా. బెల్టు లేకుండా వేడర్లతో దిగేవాళ్లతో నేను వెళ్లను.

పడిపోతే ఏం చేయాలో ఇప్పుడే, ఒడ్డున ఉండగానే మనసులో అనుకుని పెట్టుకోండి. మొదట గాలం కర్ర వదిలేయండి. ఎంత ఖరీదైనదైనా సరే. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు పెట్టి, కాలివేళ్లు నీటిపైకి కనిపించేలా ఉంచి, చేతులతో తెడ్డు వేస్తూ ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి. ఎదురీదకండి, ఓపికంతా అక్కడే అయిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రవాహంలో లేచి నిలబడే ప్రయత్నం చేయకండి. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీళ్లు మిమ్మల్ని ముందుకు మడిచి తల ముంచేస్తాయి. మోకాలి లోతులో కూడా మనుషులు పోయేది ఇలాగే. చేతులు అడుగుకు తగిలేదాకా ఈదుతూనే ఉండండి. ఒక్క సందర్భంలో మాత్రం పద్ధతి మారుతుంది. ఎదురుగా కొమ్మల అడ్డు వచ్చి, పక్కకు తప్పుకునే వీలు లేకపోతే, బోర్లా తిరిగి తల ముందుగా దాని వైపే జోరుగా ఈది, ఒళ్లు దాని పైకి ఎక్కించేయాలి. కాళ్లు ముందు వెళ్తే కొమ్మల కిందికి పోతాయి. నడుస్తున్నప్పుడు పాదం ఇరుక్కుంటే ముందుకు గుంజకండి. ఏ దారిన లోపలికి పోయిందో ఆ దారినే, ఊతకర్ర మీద ఆని, వెనక్కి ఎగువకు తీయండి.

చల్లని నీళ్లయితే ఇంకో సంగతి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ బాగా చల్లటి నీళ్ల గురించి 1-10-1 అని ఒక లెక్క ప్రచారం చేశారు. మొదటి 1 నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది, ఆ నిమిషం నోట్లోకి నీళ్లు పోకుండా ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడమే పని. తర్వాతి 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే చలి చంపడం కంటే చాలా ముందే ఈత ఆగిపోతుంది. లైఫ్ జాకెట్ అవసరం అందుకే. గాలి నింపుకునే సన్న రకాలు గాలం విసరడానికి అడ్డం రావు. తడిస్తే దానంతటదే ఉబ్బే రకం చిమ్మిన నీళ్లకే తెరుచుకోవచ్చు కాబట్టి, నీళ్లలో దిగి పట్టేవాళ్లకు తాడు లాగితే ఉబ్బేదే నయం.

నది తీరు మీరు నిలబడి ఉండగానే మారొచ్చు. పైన డ్యామ్ ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కోకుండా దిగొద్దు, సైరన్ మోగితే చేప గాలానికి ఉన్నా సరే బయటికి రండి. ఎక్కడో ఎగువన పడిన వాన ఎండ కాస్తున్న చోటికి కూడా వరద తెస్తుంది. దిగే ముందు నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని మాటిమాటికీ చూస్తుండండి. రాయి తడిసిందన్నా, తేటనీళ్లు రంగు మారాయన్నా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నాయన్నా, నీటి చప్పుడు మారిందన్నా కదలాల్సిందే. అటు ఒడ్డుకు దాటి ఉంటే ఈ గుర్తులు ఇంకా ముందే పట్టుకోవాలి.

గాలం విసురుతూ నడవకండి, నడుస్తూ విసరకండి. కాళ్లు కుదిరాక విసరండి. చేప పడ్డాక దాని వెంట లోతుకు వెళ్లడం సహజంగా వచ్చే తప్పు, ఆ ఊపులో మన కళ్లు అడుగు మీద ఉండవు. చేప చిక్కగానే వీలైతే ముందు ఒడ్డు వైపు వెనకడుగులు వేసి, పలుచని నీళ్లలో నిలబడి లాగండి.

ఇవన్నీ ఒకేసారి పట్టుబడవు. మీరు చేయగలిగింది ఒకటుంది. నీళ్లు వెచ్చగా, నెమ్మదిగా ఉన్న రోజు, తోడు ఒకరిని పెట్టుకుని, గాలం లేకుండా ఊతకర్రతో మాత్రమే దిగండి. మోకాలి లోతులో పక్క అడుగులు, ఎగువకు ముఖం పెట్టి తిరగడం, బెల్టు బిగించి వెల్లకిలా తేలడం చేసి చూడండి. బూట్లు కొనడానికి ఆ తర్వాతే వెళ్లండి. అప్పటికి మీ నదిలో ఎలాంటి రాళ్లున్నాయో, ఏ అడుగు కావాలో మీకే తెలుస్తుంది.